ఐసు దిమ్మ మీద గ్లేసియర్ రాడార్: నరసాపురం ప్రాజెక్టు డైరీ

ఇదే పని ఇంకొకరు చేయాలనుకుంటే, నాకు వృథా అయిన రోజులు వాళ్లకు వృథా కాకూడదని ఈ డైరీ పెడుతున్నాను. నాకు నరసాపురంలో బోట్ల వైర్‌లెస్ సెట్లు, ఎకో సౌండర్లు బాగుచేసే షాపు ఉంది. మా మేనల్లుడు భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ప్రోగ్రామ్ అంతా వాడిదే. కొలతలు తీసింది మా బావగారి ఐసు ఫ్యాక్టరీలో.

పని ఇదీ. హిమానీనదం, అంటే గ్లేసియర్, ఎంత మందం ఉందో తెలుసుకోవడానికి పైనుంచి రేడియో తరంగం పంపి, అడుగున రాతిని తాకి తిరిగి రావడానికి పట్టిన సమయం కొలుస్తారు. సముద్రంలో లోతు కొలిచే ఎకో సౌండర్ సూత్రమే. ఉప్పునీటిలో రేడియో దూరం పోదు కాబట్టి అక్కడ శబ్దం వాడతాం. మంచులో రేడియో చక్కగా పోతుంది. ఆ పద్ధతినే చిన్న కొలతలో ఇక్కడ చేసి చూడాలి, మందం సెంటీమీటరు తేడాలో చెప్పగలగాలి.

డెల్టాలో హిమానీనదం ఏమిటని అడిగేవాళ్లకు ఒక్క మాట. మన గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వర్‌లో పుట్టి వాననీటితో పారే నది, మంచుతో దానికి సంబంధం లేదు. కానీ రొయ్యలకీ బోట్లకీ ఇక్కడ ఐసు కావాలి, ఫ్యాక్టరీకి వెళ్తే 150 కిలోల దిమ్మలు వరసగా దొరుకుతాయి. నాకు కావలసింది అదే.

దశ 1: ఏ ఫ్రీక్వెన్సీ?

ఇక్కడ తప్పు చేస్తే తర్వాత కొన్నవన్నీ దండగే. అందుకే ముందు లెక్క వేసుకున్నాం.

స్వచ్ఛమైన మంచులో రేడియో తరంగం మైక్రోసెకనుకు 168 మీటర్లు పోతుంది. గాలిలో 300, నీటిలో 33. హిమాచల్‌లోని ఛోటా షిగ్రి హిమానీనదాన్ని 4.2 మెగాహెర్ట్జ్ రాడార్‌తో కొలిచారు, గరిష్ఠ మందం సుమారు 270 మీటర్లు వచ్చింది. ఆ ఫ్రీక్వెన్సీకి మంచులో తరంగం పొడవు 40 మీటర్లు. అంటే మందంలో ఆరేడు తరంగాలు పడతాయి.

మా దిమ్మ 27.5 × 55 × 109 సెంటీమీటర్లు. 55 సెంటీమీటర్ల దిశలో ఐదారు తరంగాలు పట్టాలంటే తరంగం పొడవు 10 సెంటీమీటర్లు ఉండాలి. అది 1.7 గిగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది. దాని చుట్టూ 700 నుంచి 2,700 మెగాహెర్ట్జ్ వరకు తీసుకున్నాం. బ్యాండు 2 గిగాహెర్ట్జ్ కాబట్టి, మంచులో 4 సెంటీమీటర్ల ఎడమున్న రెండు పొరలను విడివిడిగా చూడొచ్చు.

పల్స్ రాడార్ కట్టలేదు. 3 గిగాహెర్ట్జ్ దాకా పోయే చేతి వీఎన్‌ఏ (వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్) కొన్నాం. అది ఒక్కో ఫ్రీక్వెన్సీ పంపి తిరిగొచ్చినదాన్ని కొలుస్తుంది, అన్నిటినీ కలిపి ఇన్వర్స్ ఫూరియర్ అనే లెక్క చేస్తే పల్స్ పంపినట్టే సమయం మీద గ్రాఫ్ వస్తుంది. దాని పవర్ మిల్లీవాట్ కన్నా చాలా తక్కువ. దయచేసి యాంప్లిఫయర్ తగిలించకండి. ఈ బ్యాండులోనే సెల్‌ఫోన్ సిగ్నళ్లు ఉన్నాయి, మన సరదాకు వాటికి అడ్డు పడకూడదు.

ఖర్చు ఇప్పటివరకు: వీఎన్‌ఏ 9,800, కేబుళ్లు, కనెక్టర్లు 1,150, రాగి రేకు, ప్లైవుడ్ 420. మొత్తం రూ. 11,370.

దశ 2: యాంటెనాలు, మొదటి ఓటమి

ప్లైవుడ్ మీద రాగి రేకు అంటించి సీతాకోకచిలుక ఆకారం యాంటెనాలు రెండు చేశాం. ఒకటి పంపేది, ఇంకొకటి అందుకునేది, మధ్య ఎడం 20 సెంటీమీటర్లు. షాపులో బాగానే పనిచేశాయి. ఫ్యాక్టరీలో వారం ఉంచాక చూస్తే రాగి అంచులు నీలం-ఆకుపచ్చగా తిరిగాయి, టంకం పెట్టిన చోట వేలితో తాకితే పొడి రాలింది. అక్కడ చల్లదనం అమ్మోనియాతో వస్తుంది. తడి గాలిలో కొద్దిపాటి అమ్మోనియా ఉన్నా రాగికి పడదు. ఆ ఫ్యాక్టరీలో పైపులన్నీ ఇనుమువే ఎందుకో నాకు అప్పుడు తట్టింది. రోజూ ఆ గొట్టాల పక్కనే నడుస్తూ ఆ సంగతి ఆలోచించలేదు.

మార్చినవి:

1. రాగి రేకు తీసేసి, ఎఫ్ఆర్4 అనే ఫైబర్ గ్లాస్ సర్క్యూట్ బోర్డు మీద వివాల్డి యాంటెనాలు ఎచింగ్ చేయించాం. బాకా ఆకారంలో నోరు తెరుచుకుని ఉంటాయి, సిగ్నల్ ఒకే వైపు పోతుంది.
2. రాగి మీద సీసం పూత, దానిపైన రంగు లేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వేశాం.
3. కనెక్టర్లు కొలత అవ్వగానే విప్పి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెడుతున్నాం.

అప్పటినుంచి తుప్పు లేదు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. పంపే యాంటెనా నుంచి అందుకునే యాంటెనాకు నేరుగా దూకే సిగ్నల్ ఎంత బలంగా ఉందంటే, ఐసు అడుగు నుంచి వచ్చేది దాని కింద కనబడకుండా పోయింది. ముందు ఆకాశం వైపు తిప్పి ఒక కొలత తీసుకుని దాన్ని తీసివేశాం. కుదరలేదు. యాంటెనా ఐసుకు తగలగానే ఆ నేరు సిగ్నల్ కూడా మారిపోతుంది కాబట్టి ఆకాశం కొలత దానికి సరిపోదు.

పనిచేసిన పద్ధతి: దిమ్మ వెనక అల్యూమినియం రేకు పెట్టి ఒక కొలత, యాంటెనాలను కదపకుండా రేకు మాత్రం లాగేసి ఇంకో కొలత. రెండింటి తేడా తీస్తే నేరు సిగ్నల్ పూర్తిగా పోతుంది, అడుగు ఒక్కటే మిగులుతుంది. రేకు లేనప్పుడు ఐసు-గాలి హద్దు నుంచి వచ్చే ప్రతిధ్వని గుర్తు (ప్లస్, మైనస్), రేకు నుంచి వచ్చేదానికి తిరగబడి ఉంటుంది. అందుకే తేడా తీస్తే శిఖరం ఇంకా బలపడుతుంది. హిమానీనదం కింద రాతిని లాగేయలేం కదా, అక్కడ రాడార్‌ను ముందుకు నడిపిస్తూ, అన్ని చోట్లా మారకుండా ఉన్న భాగాన్ని సగటు తీసి తొలగిస్తారు. దశ 5లో మాకూ అదే అవసరమైంది.

ఖర్చు: బోర్డులు 1,600, అల్యూమినియం రేకు 850 కలిపి ఇప్పటికి రూ. 13,820. పోయిన రోజులు: 16.

దశ 3: గాలిలో కొలిచి చూడటం

ఐసు ముట్టుకోకముందు ఇది తప్పనిసరి. కేబుళ్లలో, యాంటెనాల్లో సిగ్నల్‌కు పట్టే సమయం ముందు తెలియాలి. ఒక్కోటి 30 సెంటీమీటర్లున్న రెండు ఆర్జీ-316 రకం సన్నటి కేబుళ్లకే దాదాపు 2.86 నానోసెకన్లు పోతుంది.

డాబా మీద రేకును మూడు దూరాల్లో నిలబెట్టాం (సమయాలన్నీ నానోసెకన్లలో, దూరం లెక్క అంటే రేకు దాకా పోయి రావడానికి పట్టాల్సిన సమయం):

- 50 సెం.మీ.: కొలిచిన సమయం 7.08, దూరం లెక్క 3.34, తేడా 3.74
- 100 సెం.మీ.: 10.38, 6.67, తేడా 3.71
- 150 సెం.మీ.: 13.71, 10.01, తేడా 3.70

సగటు 3.72 నానోసెకన్లు అని రాసుకుని ముందుకు వెళ్లిపోయాం. ఇక్కడ ఆగాల్సింది. రేకు దగ్గరయ్యేకొద్దీ తేడా కొంచెం కొంచెం పెరుగుతోంది, గమనించారా? మేం చేతి వణుకు అనుకున్నాం. అది చేతి వణుకు కాదు.

దశ 4: ఐసులో వేగం

క్యాన్లలో నీళ్లు పోసి ఉప్పునీటి ట్యాంకులో దించితే దిమ్మ గట్టిపడటానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. తర్వాత క్యానును మామూలు నీళ్లలో ముంచి దిమ్మను జారుస్తారు. అలా బయటికి వచ్చిన దిమ్మ తడిగా ఉంటుంది, మన ఉక్కలో ఆ తడి ఆరదు. మొదటి దిమ్మను పగలు పదకొండింటికి కొలిచాం. ఐదు నిమిషాల్లో యాంటెనా కింద నీరు చేరింది, పది నిమిషాలకు అడుగు ప్రతిధ్వని సగానికి పడిపోయింది. మంచుకు డైఎలక్ట్రిక్ విలువ (ఇది ఎక్కువైతే తరంగం నెమ్మదిస్తుంది) 3.2 అయితే నీటికి 80. సన్నటి నీటి పొర కూడా తరంగాన్ని వచ్చిన దారినే వెనక్కి తోసేస్తుంది.

ఊక పరిచాం. ఊక తడిసి మరింత చెడ్డది అయింది. దిమ్మను క్యానులోనే ఉంచి పైనుంచి కొలుద్దామని చూశాం, ఇనుప గోడల మధ్య తరంగం అటూ ఇటూ కొట్టుకుని గ్రాఫ్ నిండా పిచ్చి గీతలు వచ్చాయి. ఆ రెండూ మీరు చేయకండి.

చివరికి కుదిరిన క్రమం ఇది:

1. తెల్లవారుజామున నాలుగున్నరకు, మొదటి లోడు దించే ముందు వెళ్లాలి. అందరి ఫోన్లూ స్విచాఫ్ చేయించాలి. జేబులో ఫోన్ ఆన్‌లో ఉంటే గ్రాఫ్‌లో ముళ్లు లేస్తాయి.
2. వీఎన్‌ఏను ఫ్యాక్టరీ లోపలే పది నిమిషాలు ఆన్‌లో ఉంచి, అక్కడే కేలిబ్రేట్ చేయాలి. ఇంట్లో చేసిన కేలిబ్రేషన్ ఆ చలికి జరిగిపోతుంది. కరెంటు తీగలు వద్దు, నేల తడి. బ్యాటరీ మీదే నడపాలి.
3. దిమ్మను చెక్క మీద దించి నూలు గుడ్డతో తుడవాలి, యాంటెనా కింద సన్నటి పాలిథిన్ పరవాలి.
4. 201 పాయింట్లతో, అంటే 10 మెగాహెర్ట్జ్ చొప్పున, రేకుతో ఒకటి, రేకు లేకుండా ఒకటి. రెండూ నాలుగు నిమిషాల్లో అయిపోవాలి.
5. తేడాకు హాన్ విండో (బ్యాండు అంచులను మెల్లగా సున్నాకు తగ్గించే లెక్క) వేసి, సున్నాలు చేర్చి 8,192 పాయింట్లకు పెంచి ఇన్వర్స్ ఫూరియర్. పైథాన్‌లో ఇరవై లైన్ల పని.

వచ్చిన సమయాలు మూడు దిశల్లో 7.18, 10.31, 16.74 నానోసెకన్లు. వాటిలోంచి 3.72 తీసేసి వేగం లెక్కిస్తే:

- 27.5 సెం.మీ. దిశ: నానోసెకనుకు 15.9 సెం.మీ.
- 55 సెం.మీ. దిశ: 16.7
- 109 సెం.మీ. దిశ: 16.7

ఒకే దిమ్మ, ఒకే ఐసు. పలచటి దిశలో వేగం ఎందుకు తగ్గాలి? మా వాడు నీటి పొర అన్నాడు. గుడ్డ మార్చి ఇంకో దిమ్మ తీసుకున్నాం, అదే అంకె. కనెక్టర్లు బిగించాం, అదే అంకె. నాలుగు తెల్లవారుజాములు దీనికే పోయాయి. ఐదో రోజు వాడు కాగితం మీద దిమ్మ బొమ్మ గీసి, రెండు యాంటెనాలూ గీసి, వాటిని అడుగుతో కలిపాడు. త్రికోణం వచ్చింది.

"మావయ్యా, తరంగం నిటారుగా దిగట్లేదు. ఏటవాలుగా దిగి ఏటవాలుగా ఎక్కుతోంది."

20 సెంటీమీటర్ల ఎడంలో సగం 10. లోతు 27.5 అయితే ఒక వైపు దారి 27.5 కాదు, 29.3. పలచటి దిశలో ఇది ఆరు శాతం పైన. పొడుగు దిశలో అర శాతం కూడా లేదు. దశ 3లో రేకు దగ్గరైనకొద్దీ పెరిగిన తేడా కూడా ఇదే. అక్కడా పైథాగరస్ వేస్తే మూడు దూరాలకూ 3.68 వచ్చింది.

సరిచేశాక:

- 27.5 సెం.మీ. దిశ: 16.7
- 55 సెం.మీ. దిశ: 16.9
- 109 సెం.మీ. దిశ: 16.8

సగటు 16.8. పుస్తకాల్లోని 168 మీటర్లు మా నరసాపురం ఐసులో మా చేతి కొలతతో వచ్చింది. పొడుగు దిశలో మాత్రం శిఖరం వెడల్పుగా ఉంది. పక్క గోడలను తాకి వచ్చే తరంగాలు అడుగు ప్రతిధ్వనితో కలిసిపోతున్నాయి. ఇరుకు లోయలో ఉన్న హిమానీనదాల మీద పక్క కొండలు పెట్టే ఇబ్బంది కూడా ఇదే రకం. ఆ అంకె మీద నమ్మకం తక్కువ పెట్టుకున్నాం.

ఖర్చు: దిమ్మలు 6, ఒక్కోటి 300 చొప్పున 1,800. మొత్తం రూ. 15,620. పోయిన రోజులు: 31.

దశ 5: మధ్యలో ఏదో ఉంది

ఏడో దిమ్మలో, 55 సెంటీమీటర్ల దిశలో, రేకు పెట్టినా తీసినా తేడా రాలేదు. అడుగు కనబడటం లేదు. తేడా తీయకముందు గ్రాఫ్‌లో మాత్రం, కేబుళ్లు, యాంటెనాల 3.68 తీసేస్తే, 3 నానోసెకన్ల లోపే ఒక గట్టి శిఖరం ఉంది. అది నేరు సిగ్నల్‌లో భాగమో కాదో తేల్చడానికి యాంటెనాలను దిమ్మ పొడవునా 5 సెంటీమీటర్ల చొప్పున జరుపుతూ 14 కొలతలు తీసి, సగటు తొలగించాం. శిఖరం పోలేదు. దిమ్మ నడిమి భాగంలో బలంగా, రెండు చివర్లలో ఏమీ లేకుండా కనిపించింది. సమయం 2.88 నానోసెకన్లు, ఏటవాలు సరిచేస్తే లోతు 22 సెంటీమీటర్లు.

ఫ్యాక్టరీ మేస్త్రి గారికి చెప్పాను, లోపల ఐసు కానిదేదో ఉందండీ అని. ఆయన దిమ్మను రెండు వైపులా చూసి అరచేత్తో తట్టారు. "గెడ్డ గట్టిదేనండి, రెండు రోజులు ఉంచాం" అన్నారు. రంపం తెప్పించి ఆయనే కోశారు. పొట్టు తెల్లగా రాలుతోంది, పళ్లు పట్టి పట్టి పోతున్నాయి. ఒక చోట రంపం ఒక్కసారిగా తేలికై కిందికి జారింది, కోత లోంచి నీళ్లు ఆయన మణికట్టు మీదుగా కారాయి. ఆయన వేలు నోట్లో పెట్టుకుని చూసి, "ఉప్పు!" అన్నారు.

టేపు పెట్టాం. నీటి గుంట పై అంచు 21.5 సెంటీమీటర్ల దగ్గర ఉంది.

నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పును లోపలికి రానివ్వదు, మధ్యకు నెట్టుకుంటూ పోతుంది. చివరికి నడుమ ఉప్పు ఎక్కువైన నీరు మిగులుతుంది, అది అన్నిటికన్నా ఆఖరున గడ్డకడుతుంది. అందుకే ఫ్యాక్టరీలో క్యాన్లలోకి గాలి ఊదుతూ ఉంటారు, నడిమి నీటిని తోడేసి మంచినీళ్లు పోస్తారు. ఈ క్యానుకు ఆ గాలి గొట్టం మూసుకుపోయి ఉంది. నీటిలో కరిగిన లవణాలు చెప్పే టీడీఎస్ పెన్నుతో చూస్తే (అంకెలు పీపీఎంలో) క్యాన్లలో పోసే నీరు 640, దిమ్మ బయటి భాగం కరిగించిన నీరు 30, గుంటలోని నీరు 4,800.

ఈ గుంట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. హిమాలయాల్లోని హిమానీనదాల దిగువ భాగాల్లో, కరిగే ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉన్న మంచులో నీటి గుంటలు ఉంటాయి. ఫ్రీక్వెన్సీ ఎక్కువైతే తరంగం వాటికి తగిలి చెదిరిపోతుంది, అడుగు కనబడదు. అక్కడ 4, 5 మెగాహెర్ట్జ్ లాంటి పొడుగు తరంగాలు వాడటానికి కారణం అదే. అంటార్కిటికా మంచు గట్టిగా చల్లగా ఉంటుంది కాబట్టి కేంబ్రిడ్జ్‌లోని స్కాట్ పోలార్ సంస్థలో స్టాన్ ఇవాన్స్ 1960ల్లో కట్టిన రాడార్‌కు 35 మెగాహెర్ట్జ్ సరిపోయింది. ఆయన కన్నా ముందు అమెరికా సైన్యంలో అమోరీ వెయిట్ 440 మెగాహెర్ట్జ్ విమాన ఆల్టిమీటర్‌నే మంచు మీద పెట్టి అడుగు నుంచి ప్రతిధ్వని పట్టాడు. ఆ ఆల్టిమీటర్లు మంచు మీద ఎగిరే విమానాలకు ఎత్తు తప్పు చెప్పేవి, ఎందుకంటే తరంగం పై ఉపరితలం దగ్గర ఆగకుండా లోపలికి దిగిపోయేది. పైలట్ల ప్రాణాల మీదికి తెచ్చిన ఆ లోపమే కొలత సాధనం అయింది.

మేస్త్రి గారు ఇప్పుడు రోజూ రెండు మూడు దిమ్మలు పక్కన పెట్టి, "వీటి గుండె నిండిందో లేదో చూడండి" అంటున్నారు. ఇది మా పనిలో లేదు, అయినా చేస్తున్నాం. ఇప్పటికి 19 దిమ్మలు చూశాం. నీరుందన్నవి మూడు, కోస్తే మూడింటిలోనూ ఉంది. లేదన్నవి 16, అవన్నీ కోయలేదు కాబట్టి వాటి గురించి గట్టిగా ఏమీ చెప్పను.

ఇదే యాంటెనాలు పొలం గట్టు మీద కూడా పెట్టి చూశాం. తడి బంకమట్టి, అడుగున ఉప్పునీరు. జానెడు లోతు నుంచి కూడా ఏమీ రాలేదు. మన నేలలో ఈ ఫ్రీక్వెన్సీతో ప్రయత్నించి రోజు పాడుచేసుకోకండి.

ఖర్చు: టీడీఎస్ పెన్ను 350, నెయిల్ పాలిష్ 60. ఫ్యాక్టరీ దిమ్మలు చూసినందుకు డబ్బు తీసుకోలేదు. మొత్తం రూ. 16,030.

దశ 6: చూడకుండా కొలత

మందం ముందే తెలిస్తే మన కన్ను శిఖరాన్ని అటే వెతుకుతుంది. అందుకని మేస్త్రి గారిని రెండు దిమ్మలు తనకు నచ్చినట్టు ముక్కలు కోసి, గోనె కప్పి, యాంటెనా పెట్టే ముఖం మాత్రమే కనబడేలా ఉంచమన్నాం. మా అంకె కాగితం మీద రాశాకే ఆయన టేపు పెట్టారు.

- ముక్క 1: రాడార్ 33.4, టేపు 33.0
- ముక్క 2: 47.1, 47.5
- ముక్క 3: 25.6, 25.0
- ముక్క 4: 51.8, 52.0
- ముక్క 5: 39.0, 40.0

ఐదో ముక్క మీద మనసు పడలేదు. మూడుసార్లు తీసినా 39.0 చుట్టూనే వచ్చింది. మిగతా నాలుగూ గాజులా ఉన్నాయి, ఇది పాలలా తెల్లగా, నిండా గాలి బుడగలు. చేపలు తూచే కాటా తెచ్చి తూచాం: 28.2 కిలోలు. కొలతలు 40 × 27 × 30, అంటే 32.4 లీటర్లు. సాంద్రత 0.87. గట్టి ఐసుకు 0.917 ఉండాలి.

గాలి కలిసిన ఐసులో తరంగం త్వరగా పోతుంది. ఈ రంగంలో వాడే లెక్క ప్రకారం వక్రీభవన గుణకం (గాలిలో కన్నా తరంగం ఎన్ని రెట్లు నెమ్మదిగా పోతుందో చెప్పే అంకె) 1 + 0.85 × సాంద్రత. ఈ ముక్కకు అది 1.74, వేగం 17.2. మేం 16.8 వాడాం కాబట్టి మందం తక్కువ చెప్పాం. 17.2తో మళ్లీ వేస్తే 39.9 వచ్చింది.

హిమానీనదం పైభాగంలో ఇంకా ఐసుగా మారని మంచు పొరలు మీటర్ల కొద్దీ ఉంటాయి, వాటికి సాంద్రత ఇంకా తక్కువ. అక్కడ కొలిచేవాళ్లు ఆ పొరకు వేరే దిద్దుబాటు వేస్తారని చదివి లైను దాటేశాను. ఇప్పుడు ప్రోగ్రామ్‌లో వేగం అనే అంకెను తీసేసి, ఆ చోట సాంద్రత అడిగే వరస పెట్టించాను. కొలిచే ప్రతి ముక్కనూ ఇకనుంచి తూచాల్సిందే. కాటా ఫ్యాక్టరీలోనే ఉంచేశాం.

ఖర్చు: దిమ్మలు 2, రూ. 600. మొత్తం రూ. 16,630. మొత్తం రోజులు: 58.

తర్వాత చేయాల్సింది: యాంటెనాల ఎడం 20 నుంచి 60 సెంటీమీటర్ల దాకా మెల్లగా పెంచుతూ కొలిస్తే, తూచకుండానే వేగం ఆ ఏటవాలు నుంచి తీయొచ్చు. ఐదో ముక్కలాంటి తెల్ల దిమ్మ ఒకటి కావాలని మేస్త్రి గారికి చెప్పాను. గాలి ఊదడం ఆపేసి ఒక క్యాను వేరుగా పెడతానన్నారు, ఎల్లుండి తెల్లవారుజామున దించుతారు.